తోడేలు మనుషులను తయారుచేస్తానంటున్న అమ్మాయికి ఏ చదువు మేలు?

ప్రశ్న: మాది గుంతకల్లు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ‘డాగ్ సోల్జర్స్’ అనే పాత ఇంగ్లిష్ సినిమాను పదే పదే చూసి, అందులోని తోడేలు మనుషుల వంటి ఆకారాలను తయారుచేయడమే తన వృత్తి అంటోంది. బంకమట్టితో ఇంట్లో ఒక తోడేలు తల కూడా చేసింది. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ వారు ఏడాది వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) కోర్సులో చేర్చమని, అందుకు కొన్ని లక్షలు కట్టమని అంటున్నారు. తక్కువ ఖర్చుతో తీసిన ఒక భయానక చిత్రాన్ని చూసి పిల్ల భవిష్యత్తును నిర్ణయించవచ్చా? ఇంజినీరింగ్‌లో చేర్చడమే మంచిదా?

జవాబు: మాస్టారూ, ఆ సంస్థకు డబ్బు కట్టడానికి తొందరపడకండి. అమ్మాయి కోరికను మాత్రం తేలికగా తీసుకోకండి. ఆమె ఏ సినిమాను చూసి ఆ కోరిక పెంచుకుందో గమనిస్తే, ఏ చదువు కావాలో సగం తెలిసిపోతుంది.

‘డాగ్ సోల్జర్స్’ 2002లో విడుదలైన బ్రిటిష్ చిత్రం. శిక్షణ కోసం స్కాట్లండ్ కొండల్లోకి వెళ్లిన కొందరు సైనికులు తోడేలు మనుషుల వాత పడి, అడవిలోని ఒక ఒంటరి ఇంట్లో తలదాచుకుని తెల్లవారేదాకా పోరాడటమే కథ. దర్శకుడు నీల్ మార్షల్‌కు పూర్తి నిడివి చిత్రం తీయడం అదే మొదటిసారి. చేతిలో డబ్బు తక్కువ కావడంతో ఆయన తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఖర్చును, భయాన్ని కలిపి ఆలోచించి తీసుకున్నదే. కథ స్కాట్లండ్‌లో జరుగుతుంది కానీ చిత్రీకరణ చాలావరకు లక్సెంబర్గ్‌లో సాగింది. కథలో ఎక్కువ భాగం ఒక్క ఇంట్లో, ఒక్క రాత్రిలో నడుస్తుంది. ఖరీదైన 35 ఎంఎం ఫిల్మ్‌కు బదులు సూపర్ 16 అనే సన్నని ఫిల్మ్ వాడారు. ఆ ఫిల్మ్‌కు సహజంగా ఉండే గరుకుదనం చీకటి దృశ్యాలకు కలిసివచ్చిందని, నటులు వేసుకున్న తోడేలు తొడుగుల అతుకులను దాచడానికి పనికివచ్చిందని నా అభిప్రాయం.

మీ అమ్మాయి మనసు పడింది ఆ తోడేళ్ల మీద కాబట్టి వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అవి కంప్యూటర్‌లో పుట్టినవి కావు. బాబ్ కీన్ నాయకత్వంలోని బృందం వాటిని తొడుగులుగా, లోపల యంత్రాలతో కదిలే తలలుగా తయారుచేసింది. ఆ తొడుగుల్లోకి దర్శకుడు నాట్యకారులను తీసుకుని, వారిని మరకాళ్లపై నిలబెట్టాడు. మనిషి కంటే ఎంతో ఎత్తుగా, సన్నగా, తల వంచి గదిలోకి అడుగుపెట్టే ఆ ఆకారంలో బరువైన మృగం కంటే భయపెట్టే ఒక నాజూకుతనం ఉంటుంది. దేహాన్ని అదుపులో పెట్టుకోవడం తెలిసిన నాట్యకారుల వల్లనే అది సాధ్యమైంది. మనిషి తోడేలుగా మారే ఘట్టాన్ని పూర్తిగా చూపించే స్తోమత లేదు కనుక దాన్ని బల్ల చాటున జరిపించి, మిగతా పనిని చప్పుళ్లకు, చుట్టూ ఉన్నవారి ముఖాలకు అప్పగించారు.

ఇదే ఘట్టాన్ని 1981లో వచ్చిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’లో మేకప్ కళాకారుడు రిక్ బేకర్ నిండు వెలుతురులో చూపించి, మేకప్‌కు కొత్తగా ఏర్పాటుచేసిన ఆస్కార్ పురస్కారాన్ని 1982లో మొట్టమొదటగా అందుకున్నాడు. ఆయన దారి వేరు, మార్షల్ దారి వేరు. రెండిటిలోనూ పని చేతితోనే జరిగింది. అంతకు ఎంతో ముందు, 1941లో ‘ది వుల్ఫ్ మ్యాన్’ కోసం జాక్ పియర్స్ నటుడి ముఖంపై జడలబర్రె వెంట్రుకలను ఓపికగా అతికించాడు. ఈ వరుసలో మీ అమ్మాయి చేసిన మట్టి తలకు కూడా చోటుంది. నేను మాటవరసకు అనడం లేదు. తొడుగు ఏదైనా మొదట మట్టిలోనే రూపుదిద్దుకుంటుంది. తర్వాత దాని నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో నురుగు రబ్బరునో సిలికాన్‌నో పోస్తారు.

ఇరవై ఏళ్లు దాటినా ఆ చిత్రాన్ని జనం మళ్లీ మళ్లీ చూస్తున్నారు. 2022లో దాన్ని 4కె నాణ్యతతో శుభ్రపరిచి తిరిగి తెచ్చారు. దీనికి తోడేళ్లు ఒక్కటే కారణం కాదు. ఆ సైనికులు ఒకరినొకరు ఆటపట్టించుకునే మాటలు, గాయపడిన సార్జెంటును వదిలి వెళ్లని తీరు మనకు దగ్గరవుతాయి కనుకనే తలుపు అవతల గోళ్ల చప్పుడు వినిపించినప్పుడు గుండె ఝల్లుమంటుంది. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పక చెప్పండి. కథ ఏం కోరుతోందో తెలుసుకోని కళాకారిణి ఎంత మంచి తొడుగు చేసినా అది తెరపై రబ్బరుగానే కనిపిస్తుంది. మార్షల్ సైతం దర్శకుడు కాకముందు చాలా ఏళ్లు ఎడిటర్‌గా పనిచేశాడు, ఈ చిత్రానికి కూర్పు కూడా తానే చేసుకున్నాడు. ఆ తర్వాత 2005లో ‘ది డిసెంట్’ అనే భయానక చిత్రం తీశాడు, 2012లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ ధారావాహికలో పేరుపొందిన ఒక యుద్ధఘట్టానికి దర్శకత్వం వహించాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. వీఎఫ్ఎక్స్ మంచి రంగమే. హిందీ ‘భేడియా’ 2022లో ‘తోడేలు’గా తెలుగులోకి వచ్చినప్పుడు అందులోని మృగాన్ని గ్రాఫిక్స్‌తోనే చూశాం. అయితే మీ అమ్మాయి చేతులు కోరుతున్నది మట్టిని. ఒక్క ఏడాదిలో సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పే కోర్సు ఆమెకు శరీర నిర్మాణం, కండరాల పొందిక, బొమ్మ గీయడం నేర్పజాలదు. అవి వచ్చినవారికి సాఫ్ట్‌వేర్ తర్వాత ఎప్పుడైనా వస్తుంది.

కడపలోని డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) శిల్పకళ ఉంది, యానిమేషన్ కూడా ఉంది. ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష రాయాలి. గుంతకల్లులో రైలెక్కితే తాడిపత్రి మీదుగా నేరుగా కడప చేరవచ్చు కాబట్టి పిల్లను చాలా దూరం పంపుతున్నామన్న బెంగ కూడా ఉండదు. శిల్పకళనే నా మొదటి సలహాగా భావించండి. దానితోపాటు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ప్రవేశపరీక్షకు ప్రయత్నించవచ్చు. డిగ్రీ అయ్యాక పుణేలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో కళాదర్శకత్వ కోర్సుకు వెళ్లాలంటే చిత్రకళ, శిల్పం, ఆర్కిటెక్చర్ వంటి చదువులే దారి తెరుస్తాయి. నాలుగేళ్ల బీఎఫ్ఏని నేను గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం. ఏ పరీక్షకైనా ఈ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు, గడువులు స్వయంగా చూసుకోండి.

సెలవుల్లో ఆమెను రెండు ఊళ్లకు తీసుకెళ్లండి. ఆళ్లగడ్డలో శిల్పులు రాతిలోంచి ముఖాన్ని ఎలా బయటికి తెస్తారో ఆమె దగ్గరుండి చూడాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు దూరేంత పలుచగా చేసి, రంగులద్ది, కీళ్లు కట్టి, తెర వెనుక దీపపు వెలుగులో ఆడించే తోలుబొమ్మల కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చర్మం, కీలు, వెలుగు, కదలిక అనే నాలుగింటినీ మన సీమలో తరతరాలుగా సాధన చేస్తున్నవారు వారు. తోడేలు తొడుగుకు కావలసినవీ ఆ నాలుగే.

సంపాదన విషయం దాచకుండా చెబుతాను. ఇది నెలనెలా జీతం వచ్చే పని కాదు. సినిమా సినిమాకూ ఒప్పందం ఉంటుంది, మధ్యలో ఖాళీ నెలలుంటాయి, మేకప్, కళా విభాగాల్లో పనికి యూనియన్ సభ్యత్వం అవసరమవుతుంది. మొదటి కొన్నేళ్లు ఇంటి అండ లేనిదే నిలదొక్కుకోవడం కష్టం. అయినా మన దేశంలో ఈ పనికి గుర్తింపు పెరిగింది. ఐటీ రంగం నుంచి ఈ వృత్తిలోకి వచ్చిన ప్రీతిశీల్ సింగ్ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. శిల్పం, అచ్చు పని తెలిసినవారికి మ్యూజియంలలో, ప్రకటనల్లో అవకాశాలుంటాయి. ప్రమాదాల్లో, క్యాన్సర్‌లో చెవీ ముక్కూ కోల్పోయినవారికి సిలికాన్ అవయవాలు చేసే వైద్య విభాగాల్లోనూ ఈ నైపుణ్యం పనికివస్తుంది.

ఇంజినీరింగ్ తలుపు ఇప్పుడే మూయనక్కరలేదు. ఈఏపీసెట్ రాయనివ్వండి, ఏడీసెట్ కూడా రాయనివ్వండి. అయితే ఇంజినీరింగ్ చేస్తూ ఇది తీరిక వేళల్లో నేర్చుకోవచ్చులే అని మాత్రం ఆమెకు ఆశ పెట్టకండి. శిల్పానికి రోజూ గంటల తరబడి సాధన కావాలి.

పరీక్షలయ్యేదాకా వారానికి ఒక్క పూట మట్టి పని చాలు. అచ్చులు తీయడం మొదలుపెడితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు కనుక చేతిని అందులో ముంచి ఉంచకూడదు. చేతి అచ్చుకు దంతవైద్యులు పళ్ల అచ్చులకు వాడే ఆల్జినేట్ పొడి మేలు. లేటెక్స్ కొందరికి పడదు కాబట్టి ముందు మోచేతి దగ్గర కొద్దిగా రాసి చూడాలి. ముఖంపై అచ్చు తీయడం మాత్రం తెలిసిన గురువు పక్కన ఉంటే తప్ప వద్దు. ఇప్పటికి తయారైన తోడేలు తలను నాలుగు వైపుల నుంచీ పగటి వెలుతురులో ఫొటోలు తీసి తేదీతో దాచమనండి, తర్వాత చేసేవాటినీ అలాగే దాచమనండి. డిజైన్ కళాశాలల్లోనూ స్టూడియోల్లోనూ మార్కుల జాబితాతోపాటు అడిగేది ఆ ఫొటోలనే.