యోసెమిటీలో పెళ్లికి పర్మిట్ దొరుకుతుంది, అక్షింతలకే దొరకదు

మీ తమ్ముడి పెళ్లి కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో పాతిక మందితో చేయాలనుకుంటున్నామని, అంత చిన్న పెళ్లికి కూడా పర్మిట్ కావాలా అని, హోమం, తలంబ్రాలు చేసుకోనిస్తారా అని అడిగారు. పర్మిట్ కావాలి. పాతిక మంది దాకా ఎందుకు, అయిదుగురే ఉన్నా కావాలి. హోమం, తలంబ్రాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

2024 ఆగస్టు చివర్లో, శ్రావణమాసం వెళ్లకముందే మా చెల్లి పెళ్లి అక్కడ చేశాం. కాగితాల పనంతా నా నెత్తిన పడింది. నిజానికి అందులో పెద్ద కష్టం లేదు. స్పెషల్ యూజ్ పర్మిట్ అని ఒక దరఖాస్తు ఉంటుంది. తేదీ, చోటు, వేళ, ఎంతమంది, ఎన్ని కార్లు, ఏం చేస్తారు, ఏం తెస్తారు అని రాయాలి. కనీసం 21 రోజుల ముందు పంపాలి. మేం 150 డాలర్లు కట్టాం, ఆ డబ్బు వెనక్కి రాదు. అందుకే ముందు పంతులుగారితో ముహూర్తం ఖాయం చేయించుకుని, తర్వాతే కట్టండి. హైదరాబాద్ పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కాలిఫోర్నియాలో పనికిరాదని అక్కడి పంతులుగారు తేల్చేసరికి నేను దరఖాస్తు సగం నింపి ఉన్నాను. ఇంకా డబ్బు కట్టలేదు కాబట్టి బతికిపోయాను.

"ఏం చేస్తారు" అన్న చోట "హిందూ పెళ్లి" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. నేను చేసిన తప్పదే. అవతలి మనిషికి అందులో నిప్పు ఉంటుందనీ, బియ్యం పోస్తామనీ ఎలా తెలుస్తుంది? తెలిసాక కుదరదన్నారు, తెలియకపోతే అక్కడికి వెళ్లాక గొడవయ్యేది. రెండోసారి ఒక్కొక్కటీ విడమరిచి రాశాను. దండలు మార్చుకుంటారు, జీలకర్ర-బెల్లం తల మీద పెట్టుకుంటారు, పెద్దల కాళ్లకు దండం పెడతారు, ఇలా. వీటికి ఏ అభ్యంతరమూ రాలేదు. మండపం, మైకు, బియ్యం, పూలరేకులు చల్లడం కుదరవన్నారు. నిప్పు సంగతి చెప్పనక్కర్లేదు. వేసవి చివరికి ఆ అడవి ఎండి పెళపెళలాడుతుంటుంది.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "తలంబ్రాలు లేని పెళ్లేంట్రా, పిక్నిక్కా?" అంది. కింద దుప్పటి పరిచి పోసుకుంటామని అడగమంది. అడిగాను. వద్దన్నారు. చివరికి పంతులుగారే దారి చూపారు. అసలు పెళ్లి, అంటే మంగళసూత్రం, తలంబ్రాలు, హోమం, సప్తపది, అన్నీ ముందు వారం కాలిఫోర్నియాలోనే ఉన్న లివర్‌మోర్ ఊరి గుడిలో శాస్త్రోక్తంగా జరిపించారు. యోసెమిటీలో దండలు, పెద్దల ఆశీర్వాదం, మ్యారేజ్ లైసెన్సు మీద సంతకాలు. మీకూ నా సలహా ఇదే. మొత్తం పెళ్లిని పార్కు షరతుల్లో ఇరికించాలని చూస్తే అటు పార్కూ ఇటు శాస్త్రమూ రెండూ చెడతాయి.

అన్నట్టు పార్కు పర్మిట్ వేరు, మ్యారేజ్ లైసెన్స్ వేరు. రెండోది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో తీసుకోవాలి. కాలిఫోర్నియాలో ఏ కౌంటీలో తీసుకున్నా రాష్ట్రంలో ఎక్కడైనా చెల్లుతుంది, 90 రోజుల్లోపు పెళ్లి జరగాలి.

చోటు మీరు కోరుకోవచ్చు గానీ, వాళ్లు ఒప్పుకునే చోట్లు కొన్నే. మేం కెథెడ్రల్ బీచ్ తీసుకున్నాం. మెర్సెడ్ నది ఒడ్డు, ఎదురుగా ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతికొండ. చెల్లికి యోసెమిటీ జలపాతం ముందు ఫొటో కావాలని ఉండేది, కానీ ఆగస్టు చివరికి అందులో సాధారణంగా నీళ్లుండవు. నీళ్లు కావాలంటే మే నెలలో పెట్టుకోండి, అప్పుడు నది ఒడ్డున నిలబడే చోటుంటుందో లేదో కనుక్కోండి. కొండ మీది గ్లేసియర్ పాయింట్ అనుకుంటే ఆ రోడ్డు చలికాలమంతా మంచుతో మూసి ఉంటుంది.

పర్మిట్ ఉంది కదా అని ఆ చోటు మనదే అయిపోదు. పక్కన ఎవరో ఈత కొడుతుంటారు, పిల్లలు కేరింతలు కొడుతుంటారు. పార్కింగ్ హామీ లేదు. ప్రవేశ రుసుము విడిగా కట్టాలి, కారుకి 35 డాలర్లు. ఆ ఏడాది ఆగస్టు చివర్లో వారాంతాల్లో పార్కులోకి రావాలంటే ముందస్తు రిజర్వేషన్ అడిగేవారు, అందుకే మేం బుధవారం పెట్టుకున్నాం. ఇది ఏడాదికో రకంగా మారుతుంది. మాకు లేని బాదరబందీ మీకొకటి వచ్చింది. 2026 జనవరి 1 నుంచి యోసెమిటీతో కలిపి 11 పార్కుల్లో అమెరికా వాసులు కానివాళ్లకు, 16 ఏళ్లు నిండితే, మనిషికి ఇంకో 100 డాలర్లు అదనం. ఇండియా నుంచి పెళ్లికొచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. వాళ్లకి 250 డాలర్ల వార్షిక పాస్ ఉంది, మనుషుల్ని, కార్లని లెక్కేసుకుని ఏది చవకో చూడండి.

డ్రోన్ తెస్తానని పెళ్లికొడుకు స్నేహితుడు ఉత్సాహపడతాడు. ముందే ఆపండి. 2014 నుంచి నేషనల్ పార్కుల్లో డ్రోన్లు నిషేధం.

తిండి దగ్గర మేం నేర్చుకున్నది ఇంకోటి. చీకటి పడ్డాక కారులో తినేవి ఉంచకూడదు, ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి. మా పులిహోర డబ్బాలు, లడ్డూలు అన్నీ సాయంత్రంలోపే పార్కు బయట మారిపోసా అనే ఊళ్లో మేం అద్దెకు తీసుకున్న ఇంటికి చేర్చాం.

ఆ రోజు అంతా సాఫీగా జరుగుతుంటే, ఆశీర్వాదం వేళకి మా పెదనాన్న జేబులోంచి పొట్లం తీశారు. అక్షింతలు! ముందు రోజు రాత్రి అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. "నాలుగు గింజలేరా, ఎవడు చూస్తాడు" అన్నారు, అని చల్లేశారు కూడా. ఆయన్నేమీ అనలేక నేనూ మా బావా మోకాళ్ల మీద కూర్చుని ఇసకలోంచి పసుపు గింజలు ఏరుతుంటే, రేంజర్, అంటే పార్కు కాపలా చూసే ఉద్యోగి, వచ్చి పర్మిట్ అడిగింది. అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్లో ఉందిలే అనుకోకుండా ప్రింటు తీసి పెట్టుకోబట్టి వెంటనే చూపించాను. ఆవిడ కాగితం చూసి, మా చేతుల్లోని గింజలు చూసి, "అన్నీ ఏరారా?" అని అడిగింది. ఏరుతున్నామన్నాను. అయ్యేదాకా అక్కడే నిలబడి, కంగ్రాట్స్ చెప్పి వెళ్లింది. మీ పెద్దవాళ్ల జేబులు ముందే ఒకసారి చూసుకోండి.