నాన్నగారికి సెకండ్ హ్యాండ్ కారు: మీటరు కన్నా ముందు మోకాళ్లు చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. వారానికి మూడు నాలుగు సార్లు దగ్గర పనులకే కారు తీస్తారు. ఉన్న కారు ఇక పనికిరాదని మెకానిక్ తేల్చేశాడు. పదేళ్ల నాటిదైనా చాలా తక్కువ తిరిగిన పెద్ద డీజిల్ కారు ఒకటి, నాలుగేళ్ల చిన్న పెట్రోల్ ఆటోమేటిక్ ఒకటి చూశాం. డీజిల్‌ది చవక. రెండోది కొనాలంటే ఆయన దాచుకున్నదంతా పెట్టాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: డీజిల్ వద్దు. అలాగని దాచుకున్నదంతా ఊడ్చి రెండోది కొనమని కూడా చెప్పను.

మీటరు మీద తక్కువ రీడింగ్ చూసి మురిసిపోవద్దండి. కారు తిరగకపోయినా టైర్లు గట్టిపడతాయి, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, ఇంజిన్ లోపలి భాగాలను లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్ట్ ఉంటే దానికి కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. పైగా పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ కారు అప్పుడప్పుడు దూరం పరుగెత్తి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. మీ నాన్నగారిలా పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటే ఫిల్టర్ మూసుకుపోతుంది, మార్చాలంటే మామూలు ఖర్చు కాదు.

అసలు ఆ రీడింగ్ నిజమేనా? నేనొకసారి చూసిన కారుకి మీటరులో అంకె ముచ్చటగా ఉంది కానీ, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, స్టీరింగ్ తోలు మెరుస్తోంది. అమ్మే ఆయన మాత్రం చాలా నమ్మకంగా మాట్లాడాడు. టైర్ల వయసు కూడా చూడండి: టైరు పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి, 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకముందే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లటి ఇంజిన్ పెట్టే ఇబ్బంది మీకు కనిపించకుండా. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇక బేరం అక్కడితో సరి. ఏ కారైనా అడ్వాన్స్ ఇవ్వకముందే మీ సొంత మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి, ఈ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

ఇక డబ్బు సంగతి. బడ్జెట్‌లో ఐదో వంతు పక్కన పెట్టి, మిగిలిన నాలుగు వంతుల్లో వచ్చే కారే చూడండి. మొదటి ఏడాదిలో టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఆయిళ్లు ఏదో ఒకటి అడుగుతాయి. ఆసుపత్రి అవసరానికి ఉంచిన డబ్బు ఈ లెక్కలోకి రానే రాకూడదు. నాలుగేళ్లది అందకపోతే అదే రకం ఆరేళ్లది వెతకండి, రోడ్డు మీద ఎక్కువగా కనిపించే మోడల్ అయితే విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. ఒకసారి ఇంకో లెక్క కూడా వేయండి: కొన్న ధరలోంచి ఐదేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది తీసేసి, ఇన్సూరెన్స్, సర్వీసు, రిపేర్లు, ఇంధనం కలిపి 60 నెలలకు పంచితే నెలకెంత, అదే టాక్సీలకైతే ఎంత? టాక్సీయే చవకని తేలొచ్చు. అయినా ఆయన కారే కావాలంటారు, అందులో తప్పేం లేదు, ఎవరినీ అడగకుండా బయటికెళ్లగలగడానికి కూడా ఒక విలువుంది. కానీ ఎంత ఎక్కువ పెడుతున్నారో తెలిసి పెట్టండి.

బేరానికి ముందు ఆయన్ని తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కి దిగమనండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లే చెబుతాయి. కూర్చున్నాక ఛాతీకి, స్టీరింగ్‌కి మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దెబ్బ తగలకుండా. మెడ తిప్పడం కష్టమైతే వెనక కెమెరా చూసుకోండి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, కారు జారకుండా కాపాడే ఈఎస్‌సీ ఉన్నవి దొరికితే సన్‌రూఫ్ లాంటి హంగులు వదిలేయండి.

ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి గేర్ల కారు నడిపినవాళ్ల ఎడమ కాలు, ఆటోమేటిక్‌లో లేని క్లచ్ కోసం వెతికి బ్రేక్ మీద పడుతుంది. ఖాళీ మైదానంలో వారం రోజులు మీరు పక్కన కూర్చోండి. ఆ కాలు ఫుట్‌రెస్ట్ మీద కుదురుగా ఉండేదాకా రద్దీ రోడ్డు ఎక్కనివ్వకండి.