డాక్టర్ సలహా: ప్రొటీన్ సంగతి సరే, చెప్పు ఎందుకు జారుతోంది?

ప్రశ్న: నా వయసు 36. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నగారు మోటార్ న్యూరాన్ వ్యాధితో (కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) పోయారు. ఇప్పుడు అన్నయ్యకూ అదే అని తేలింది; ఎఫ్‌యూఎస్ జన్యువులో మార్పు ఉందని రిపోర్టు వచ్చింది. ఒత్తిడికి గురైనప్పుడు ఈ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ కణకేంద్రకం నుంచి బయటికి వచ్చేస్తుందని చదివాను. ఉద్యోగం మానేయాలా? గ్లూటాథయోన్ మాత్రలు, నరాల బలానికి సూదులు వాడుతున్నాను. మూడు నెలలుగా కుడికాలి చెప్పు జారిపోతోంది.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు చివర ఒక్క వాక్యంలో ముగించిన చెప్పు సంగతే నన్ను ఎక్కువగా ఆందోళన పెడుతోంది కనుక, అడిగినదానికి ముందుగా జవాబు చెప్పి దాని దగ్గరికి వస్తాను.

ఎఫ్‌యూఎస్ ప్రొటీన్ మామూలుగా కేంద్రకంలోనే ఎక్కువగా ఉంటుంది. దాని తోక భాగంలో చిరునామా లాంటి అమరికను ట్రాన్స్‌పోర్టిన్ అనే మరో ప్రొటీన్ గుర్తుపట్టి లోపలికి చేరుస్తుంది. వ్యాధి కలిగించే మార్పులు చాలావరకు ఆ తోకలోనే ఉంటాయి కాబట్టి, పట్టు సడలి కొంత ప్రొటీన్ కేంద్రకం బయట ఉండే కణద్రవ్యంలోనే నిలిచిపోతుంది. అంటే ఒత్తిడి వచ్చాక బయటపడటం కంటే, ముందే లోపలికి చేరలేకపోవడం అసలు లోపం. వేడి, ఆక్సీకరణ వంటి దెబ్బ తగిలినప్పుడు కణం ప్రొటీన్ల తయారీని కొంతసేపు ఆపి, ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏను స్ట్రెస్ గ్రాన్యూల్స్ అనే గుంపుల్లో దాస్తుంది; బయట మిగిలిన ఎఫ్‌యూఎస్ వాటిలో చేరుతుంది. దెబ్బ తగ్గాక కరగవలసిన గుంపులు కరగకుండా గట్టిపడటం నరకణానికి చేటు చేస్తుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నా, మనిషిలో అది పూర్తిగా రుజువు కాలేదు.

ఇక్కడి ఒత్తిడి ఆఫీసు టెన్షన్ కాదు. ప్రయోగశాలలో కణాలను 42 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచి, లేదా ఆర్సెనైట్ అనే విషపదార్థం కలిపి చూస్తారు. మన మే ఎండలో బయట 42 ఉన్నా ఆరోగ్యవంతుడి ఒంట్లో 37 దగ్గరే ఉంటుంది. ఉద్యోగం మానమనడానికి నా దగ్గర ఆధారం లేదు.

పైగా అన్నయ్యకు ఉన్న మార్పు మీకూ ఉందని తేలలేదు. సాధారణంగా తోబుట్టువుకు ఆ అవకాశం సగం. రిపోర్టులో అది వ్యాధికారకమని రాశారా, ప్రాముఖ్యం తేలనిదని రాశారా అన్నది మొదట చూడాలి. పరీక్షకు ముందు జన్యు కౌన్సెలింగ్ తప్పనిసరి; పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ఇక కాలు. చెప్పు జారిన సంగతి మీకు వెంటనే తెలుస్తోందా, చూసుకుంటేగాని తెలియడం లేదా? తెలియకపోతే స్పర్శ తగ్గి ఉండవచ్చు. అప్పుడు మధుమేహం, బీ12 లోపం వంటివి చూడాలి. తెలిసినా వేళ్లతో పట్టి ఉంచలేకపోతే బలం తగ్గినట్టు. మోకాలి పక్కన నరం నొక్కుకున్నా, నడుము డిస్క్ జారినా ఇలాగే అవుతుంది, వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. మీ కుటుంబ చరిత్ర వల్ల మాత్రం ఆలస్యం చేయకూడదు. మూడు నెలలు ఎందుకు ఆగారు? ఈ వారంలోనే న్యూరాలజిస్టును కలవండి. నరాల పరీక్ష, ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష), అవసరమైతే ఎంఆర్‌ఐ వారు నిర్ణయిస్తారు. మిమ్మల్ని చూడకుండా ఇది మోటార్ న్యూరాన్ వ్యాధేననీ, కాదనీ నేను చెప్పలేను.

సూదుల విషయంలో గట్టిగానే చెబుతాను. నరాల బలానికని మెడికల్ షాపులో ఇచ్చే మందుల్లో బీ6 తరచుగా ఉంటుంది. మోతాదు మించి నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు, స్పర్శ లోపం తెస్తుంది. బీ12 సూది పడ్డాక రక్తపరీక్షలో అసలు లోపం కనపడకుండా పోవచ్చు. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిస్తే కండరాలే బలహీనపడతాయి. గ్లూటాథయోన్ ఈ వ్యాధిని ఆపుతుందనడానికి రుజువు లేదు. వైద్యుడు రాయని ఈ మందులన్నీ ఆపండి. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే మాత్రం వాటిని ఆపకండి.

అన్నయ్య రిపోర్టు, ఇన్నాళ్లు వాడిన మాత్రల షీట్లు, సూదుల ఖాళీ సీసాలు వెంట తీసుకువెళ్లండి. ఈలోగా మింగుతుంటే పొలమారినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందకపోయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.