మానిటర్ వార్డులో నర్సుగా చేరిన బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట

బుజ్జీ,

విజయవాడలో నీకు కార్డియాక్ స్టెప్‌డౌన్‌లో, అంటే ఐసీయూ నుంచి దిగిన గుండె రోగుల్ని మానిటర్ మీద ఉంచే వార్డులో, డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ మానిటర్ల మోత చెవుల్లో వినిపిస్తూనే ఉందని ఏడుపు మొహం పెట్టావట. ఇంకో రెండు నెలలు వినిపిస్తుందిలే. నేను రిటైరయ్యాక కూడా పక్కింట్లో మైక్రోవేవ్ కూస్తే ఉలిక్కిపడుతున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఇది మీ పెదనాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికి నా సర్వీసు ఆరేళ్లు. మే నెలలో ఒక నైట్ డ్యూటీ. కరెంటు పోయింది. జనరేటర్ మీద మానిటర్లు నడుస్తున్నాయి గానీ ఏసీ లేదు. వార్డంతా ఉక్క. 4వ బెడ్‌లో హార్ట్ ఎటాక్ వచ్చి రెండో రోజైన పెద్దాయన. లీడ్ (ఒంటికి అతికించే మానిటర్ వైరు) ఊడిందని ఆయన మానిటర్ మూడుసార్లు మోగింది. మూడుసార్లూ వెళ్లి అతికించి వచ్చాను. నాలుగోసారి మోగితే కుర్చీలోంచి లేవకుండానే సైలెన్స్ నొక్కాను. ఐదోసారీ అంతే. చార్టులు రాసుకుని తీరిగ్గా వెళ్లేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా నీళ్లు పోసుకున్నట్టు తడిసి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పై బీపీ 80.

ఉక్కకు పట్టే చెమటకూ ఆ చెమటకూ తేడా పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆయనకు మళ్లీ ఎటాక్ వస్తోంది, ఆ చల్లచెమటకే లీడ్లు ఊడుతున్నాయి. మిషన్ పాడైందని నేను అనుకున్నదే ఆయన రోగ లక్షణం. డ్యూటీ డాక్టర్ చురుకైనవాడు కాబట్టి బతికాడు. డిశ్చార్జి రోజున "నువ్వు రాసుకుంటున్నావు కదమ్మా, పిలవడం ఎందుకని ఊరుకున్నాను" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి లీడ్ ఊడిందని మోగితే, ఎందుకు ఊడిందో చూసి రా. కుర్చీలోంచి అలారం ఆపకు.

అలా అని ప్రతి కూతకూ పరిగెడితే మధ్యాహ్నానికే కాళ్లు పడిపోతాయి. రోజుకు వందసార్లు "నాన్నా పులి" అంటే నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ కదలరు. ఆ దొంగ పులుల్ని తగ్గించడం మన చేతుల్లోనే ఉంది. రోజూ ఎలక్ట్రోడ్లు, అదే వైర్లు తగిలించే ఛాతీ స్టిక్కర్లు, మార్చు. అక్కడ వెంట్రుకలుంటే తీసి, సబ్బునీళ్లతో తుడిచి, ఆరనిచ్చి అప్పుడు అతికించు. మన వైపు వాళ్లు ఎద నొప్పి రాగానే చేసే మొదటి పని గుండెల మీద అమృతాంజనం రుద్దుకోవడం. ఆ జిడ్డు మీద ఏ స్టిక్కరూ నిలవదు. ప్యాకెట్ తెరిచి వదిలేస్తే జెల్ ఎండిపోతుంది, ఆ స్టిక్కర్లతో గీత పిచ్చిగీతలు పోతుంది. అలారం హద్దులు కూడా పేషెంటుకు తగ్గట్టు ఉండాలి. మామూలుగానే గుండె నిమిషానికి 50 కొట్టుకునే మనిషికి 60 దగ్గర కింది హద్దు పెడితే అది రాత్రంతా ఏడుస్తుంది. డాక్టర్‌ని అడిగి మార్పించు, మార్చినట్టు రాయి.

వైర్ల రంగుల దగ్గర కూడా జాగ్రత్త. ఒక పద్ధతిలో కుడి భుజానికి ఎరుపు, ఎడమకు పసుపు, ఎడమ కాలి వైపు ఆకుపచ్చ, కుడి కాలి వైపు నలుపు. అమెరికా పద్ధతిలో కుడి భుజానికి తెలుపు, ఎడమకు నలుపు, కుడి కాలి వైపు ఆకుపచ్చ, ఎడమ కాలి వైపు ఎరుపు. ఒకే వార్డులో రెండు రకాల మిషన్లూ ఉండొచ్చు. రంగును గుర్తుపెట్టుకోకు, వైరు మీద రాసిన అక్షరం చూడు.

ఇక మానిటర్ చెప్పే అబద్ధాల సంగతి. పొద్దున ఆరింటికి పేషెంటు పళ్లు తోముకుంటుంటే తెర మీద అచ్చం వీటీ (గుండె కింది గదులు ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం) లాగే కనిపిస్తుంది. కొత్తలో నేను క్రాష్ కార్ట్, అదే అత్యవసర మందుల బండి, తోసుకుంటూ పరిగెత్తితే, ఆవిడ నోట్లో బ్రష్ పెట్టుకుని నన్నే వింతగా చూసింది. ప్రతి బీట్ చివర వచ్చే టీ వేవ్ అనే అల పొడుగ్గా ఉంటే మిషన్ దాన్నీ ఒక బీట్‌గా లెక్కేసి, 70 ఉన్న రేటును 140 అంటుంది. ఏఎఫ్, అంటే గుండె పై గదులు లయ తప్పే జబ్బు, ఉన్నవాళ్లకు తెర మీద 130 ఉంటుంది, మణికట్టు దగ్గర 90 కూడా అందదు, ఎందుకంటే కొన్ని బీట్లకు నాడి దాకా వచ్చే బలం ఉండదు. స్టెతస్కోపు గుండె మీద పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టు. గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ ఇచ్చే ముందూ అంతే, 60 కంటే తక్కువుంటే ఇవ్వకుండా ఆపి డాక్టర్‌కి చెప్పు.

అన్నిటికంటే ప్రమాదం, గీత చక్కగా నడుస్తూ నాడి లేకపోవడం. ఆ గీత గుండెలో కరెంటును చూపిస్తుంది గానీ రక్తం పారుతోందో లేదో చూపించదు. పేషెంటు పలక్కపోతే, శ్వాస లేకపోతే, తెర ఎంత అందంగా ఉన్నా మెడ దగ్గర నాడి చూడు. పది సెకన్లలో అందలేదా, కేకేసి కంప్రెషన్, అంటే ఛాతీ నొక్కడం, మొదలుపెట్టు. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. సినిమాల్లో గీత తిన్నగా అయిపోగానే షాక్ ఇస్తారు, హీరో లేచి కూర్చుంటాడు. అది నమ్మి పేషెంటు తాలూకు వాళ్లు మన మీద అరుస్తారు. తిన్నగా పోయిన గీతకు షాక్ పనికిరాదు. గుండె కొట్టుకోకుండా వణికిపోయే వీఎఫ్‌కూ, నాడి లేని వీటీకీ మాత్రమే. ఇంకోటి, వీఎఫ్‌కు ఇచ్చేటప్పుడు డీఫిబ్‌లో, అంటే షాకిచ్చే మిషన్‌లో, సింక్ బటన్ (బీట్‌ను చూసి దానితో కలిపి షాక్ వదిలేది) ఆన్‌లో ఉంటే మిషన్ షాక్ వదలదు. డ్యూటీ ఎక్కగానే అది ఒకసారి చూసుకో.

తెర చెప్పని సంగతులు పేషెంటు నోటి నుంచి వస్తాయి, కానీ మన పుస్తకాల్లో ఉన్న మాటల్లో రావు. "రోకలి పెట్టినట్టుంది", "గ్యాస్ పైకి తన్నుతోంది, కొంచెం సోడా ఇప్పించు సిస్టరమ్మా", "దవడ లాగుతోంది", "ఊరికే నీరసంగా ఉంది". షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఎటాక్ నొప్పే లేకుండా ఆయాసంతో, వాంతితో రావచ్చు. గ్యాస్ అంటే నవ్వకుండా ఈసీజీ తియ్యి, పది నిమిషాల్లోపు డాక్టర్ చేతిలో పెట్టు. "మా అబ్బాయిని పిలవండమ్మా, నాకేదో భయంగా ఉంది" అని ఎవరైనా అంటే, అబ్బాయికి ఫోన్ చేయించు గానీ నువ్వు మంచం దగ్గర్నుంచి కదలకు. ఆ మాట అన్నవాళ్లలో నేను చాలామందిని ఆ రాత్రే సీసీయూకు, అంటే గుండె ఐసీయూకు, తోసుకెళ్లాను.

మందుల్లో నాకు ఇప్పటికీ కలలోకి వచ్చేది పొటాషియం క్లోరైడ్. 10 ఎంఎల్ ఆంపూల్, లోపల నీళ్లలాగే ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ పక్కన పెడితే నిద్ర కళ్లకు ఒకటే. అది నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగుతుంది. వేరే అరలో పెట్టించు. సెలైన్‌లో బాగా కలిపి, పంపు మీద, ఇంకో సిస్టర్‌కు చూపించి ఎక్కించు. సీనియర్ విసుక్కుంటే విసుక్కోనీ.

పొటాషియం అంటే గుర్తొచ్చింది, కొబ్బరి బోండాలు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటి చేతిలో పట్టుకొస్తారు. ఒంట్లో నీరు తీసే లేసిక్స్ మీద ఉండి పొటాషియం పడిపోతున్నవాళ్లకు పర్వాలేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది విషంతో సమానం. పైగా నీళ్ల లెక్క కూడా తప్పుతుంది. క్యారేజీ అడుగు గిన్నెలో ఆవకాయో గోంగూర పచ్చడో కూడా ఉంటుంది. గుంటూరు మనిషిని పచ్చడి మానమనడం నాకూ చేతకాలేదు. "కాళ్ల వాపు దిగేదాకా" అని గడువు పెట్టి అడిగితే కొందరు విన్నారు. పొద్దునే ఒకే మిషన్ మీద బరువు చూసి చూపిస్తే ఇంకా వింటారు.

గుండె నొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ బిళ్ల నాలుక కింద పెట్టే ముందు బీపీ చూడు. మగవాళ్లయితే సిల్డెనాఫిల్ (వయాగ్రా) రకం బిళ్లలు ఏమైనా వేసుకున్నారా అని అడగాలి, రెండూ కలిస్తే బీపీ దబ్బున పడిపోతుంది. భార్య ముందు అడిగితే లేదనే అంటాడు. ఆవిడను ఫార్మసీకి పంపి అడుగు. సిగ్గుపడకు. నువ్వు మామూలుగా అడిగితే ఆయనా మామూలుగానే చెబుతాడు.

హ్యాండోవర్, అంటే డ్యూటీ అప్పగింత, కాగితం మీద కాకుండా మంచం దగ్గర తీసుకో. యాంజియో (గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి చేసే గుండె పరీక్ష) చేసినవాళ్లకు దుప్పటి తీసి గజ్జ దగ్గర వాపుందేమో చూడు, పాదంలో నాడి చూడు. నడుము నొప్పి అంటే పడుకుని పడుకుని అనుకోకు, లోపల రక్తం కారుతుండొచ్చు.

నైట్ దిగాక వెంటనే గుంటూరు బస్సెక్కకు. నేనొకసారి అలాగే మంగళగిరి దగ్గర కళ్లు మూసి, బస్టాండులో కండక్టర్ లేపితే లేచాను, హ్యాండ్‌బ్యాగ్ లేదు. హాస్టల్లో నాలుగు గంటలు పడుకుని అప్పుడు రా.

ఈ కవర్లో నా పాత వాచీ పెడుతున్నాను. మీ వాళ్లందరూ ఫోన్లలో టైం చూస్తారు గానీ నాడి లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లు కావాలి. పట్టీ కొంచెం వదులుగా ఉంటుంది, ఇంకో రంధ్రం పొడిపించుకో. బ్యాటరీ నిన్ననే వేయించాను.

నీ పెద్దమ్మ