రెండు పాతవి కలిపితే కొత్తది కాదా?

ప్రశ్న: ఆర్మూరు దగ్గర మాది వెల్డింగ్ షాపు. పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ముకు ఇరుసుగా బోలు పైపు బిగించి, డ్రమ్ము తిరుగుతుండగానే లోపల పసుపు నీళ్లు చిమ్మేలా చేశాను. కొమ్ముల దుమ్ము తడిసి బురదై రంధ్రాలు మూసుకుపోయేవి. పెద్ద రంధ్రాలు పెట్టినా అంతే. చివరికి పైపు తిరగకుండా బిగించి గోనెపట్టా చుట్టాను. నీళ్లు ఊరుతుంటాయి, కొమ్ములే రాసుకుంటూ బురద తుడిచేస్తాయి. పేటెంట్ ఆఫీసు మొదటి రిపోర్టులో రెండు పాత పత్రాలు చూపించారు. డి1 మామూలు పసుపు డ్రమ్ము. డి2 బోలు ఇరుసులోంచి విత్తనాలకు మందు చిమ్మే డ్రమ్ము. రెండూ కలిపితే నాది ఆబ్వియస్, అంటే పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదే అట. ఇంతవరకు ఎవరూ కలపలేదు కదండీ?

జవాబు: ఎవరూ కలపలేదు కాబట్టి మీది కొత్తదే. కొత్తదనం లేదనాలంటే మొత్తం ఒకే పాత పత్రంలో దొరకాలి. కానీ ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర, అంటే అది పని తెలిసినవాడికి ఇట్టే తట్టనిదా అని చూసేటప్పుడు, రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

పేటెంట్ ఏజెంటును కాకముందు నేను లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పనిచేశాను. అందుకే మీర్జాపూర్ గిన్నెల కేసు నాకు బాగా గుర్తు. ఇత్తడి గిన్నెను లేత్‌కు ఒకవైపే బిగిస్తే జారి ఎగిరి పనివాళ్లకు తగిలేది. రెండోవైపు నుంచి స్పిండిల్‌తో (తిరిగే ఇరుసుతో) నొక్కిపట్టే ఏర్పాటు చేసి, 1951లో ఒక సంస్థ దరఖాస్తు పెట్టి పేటెంట్ తీసుకుంది. పనికొచ్చేదే, నేనైతే మెచ్చుకునేవాణ్ణి. 1978లో సుప్రీంకోర్టు మాత్రం అది లేత్‌లో తెలిసిన పనే, వర్క్‌షాపు మెరుగుదల అంతేనంది. కొలత కూడా చెప్పింది: మీ యంత్రం సంగతి తెలియని నేర్పరి పనివాడు అదే చిక్కులో ఉండి పాత పత్రం చూస్తే, ‘నాక్కావలసింది ఇదే’ అంటాడా?

డి2 చూసి డ్రమ్ములోకి నీళ్లు చిమ్మించడం వరకు అంటాడు. ఆ ముక్క మీద వాదించి టైం పోగొట్టుకోకండి. గోనెపట్టా సంగతి వేరు. బురదతో రంధ్రం మూసుకుపోతే ఎవరైనా మీలాగే ముందు రంధ్రం పెద్దది చేస్తారు, లేదా ఫిల్టర్ పెడతారు. మురికి చేసే కొమ్ములతోనే మురికి తుడిపించాలని డి1, డి2లో ఎక్కడా లేదు. మీ డ్రాయింగు చూశాక ‘ఓస్, ఇంతేనా’ అనడం తేలికే. అలా వెనక్కి తిరిగి చూసి అనకూడదనే ఆ కొలతలో ‘తెలియని’ అన్న మాట ఉంది.

మీరు పంపిన కాగితాల్లో మొదటి క్లెయిమ్ (దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) నీళ్లు చిమ్మే పైపు గురించే ఉంది. గోనెపట్టా ఏడో పేజీ వివరణలో ఒక్క వాక్యంలో ఉంది. అది మీ అదృష్టం. దాఖలు చేసిన వివరణలో లేనిది పేటెంట్ చట్టం 59వ సెక్షన్ కింద ఇప్పుడు చేర్చనివ్వరు. తిరగని పైపు, చుట్టిన పట్టా, కొమ్ముల రాపిడి మూడూ మొదటి క్లెయిమ్‌లోకి తెచ్చి, చెడిపోయిన పాత పైపుల ఫొటోలు కూడా జోడించండి. రిపోర్టు తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబు వెళ్లాలి.