ఉప్పు గంప, కప్ప కండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటి రెండు పేజీలు బాగానే నడిచాయి. మూడో పేజీలో నాకు ఒళ్ళు మండింది. "బరువు పెరిగేకొద్దీ నరంలో పారే కరెంటు పెద్దదై మెదడుకు చేరుతుంది" అని రాశావు. ఏంది నాయనా ఇది? యాడ చదివావు?

నరం పోగు వెంట పరుగెత్తే సంకేతానికి చిన్నా పెద్దా లేదు. పుడితే పూర్తిగా పుడుతుంది, లేకపోతే అసలు పుట్టదు. ఊరికే ఉన్నప్పుడు పోగు లోపల, బయటితో పోలిస్తే, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. సోడియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న సోడియం కణాలు, ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తే ప్లస్ 30, 40 దాకా ఎగిరి, సెకనులో వెయ్యోవంతు అటూ ఇటూగా మళ్ళీ దిగిపోతుంది. మెల్లగా నొక్కినా అంతే, గట్టిగా నొక్కినా అంతే. మారేదల్లా సెకనుకు ఎన్నిసార్లన్నదే. మెల్లగా నొక్కితే ఏ పదిసార్లో, గట్టిగా నొక్కితే ఏ వందసార్లో. దానికి తోడు, చిన్న ఒత్తిడికి పలకని పక్క పోగులు పెద్ద ఒత్తిడికి లేచి పలుకుతాయి. చర్మంలో నరం కొసన పుట్టే వోల్టేజీ మాత్రం ఒత్తిడిని బట్టి హెచ్చుతగ్గులవుతుంది. నువ్వు దాన్ని పట్టుకుని పొరబడ్డావేమో. మెదడుదాకా ప్రయాణం చేసేది అది కాదు.

తప్పులెవరైనా రాస్తారు, దిద్దుకుంటారు. నా కోపం దానిమీద కాదు. ఆ వాక్యం రాసేముందు "ఈ సంగతి ఎవరు చూశారు, ఎట్లా చూశారు?" అని ఒక్కసారి అనుకున్నా నీ కలం అక్కడే ఆగిపోయేది. ఎట్లా తెలిసిందో చెప్పకుండా ఏం తెలిసిందో చెప్పేది సైన్సు వ్యాసం కాదు, దండోరా. దొరికిన ప్రతి వాడికీ నేను చెప్పేది ఇదే. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు.

కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ అని ఒకాయన. ఆయన గురువు కీత్ లూకస్ ఇదే పని మీద ఉండి, 1916లో విమాన ప్రమాదంలో పోయాడు. ఏడ్రియన్ ఆ దారి వదల్లేదు. నరంలో సంకేతం మరీ బలహీనం, నేరుగా అందదు. అప్పటి రేడియోలకు వాడే వాల్వులతో దాన్ని వేల రెట్లు పెంచి, గాజు గొట్టంలో పాదరసం కదలికను ఫొటో తీశాడు. 1926లో జోటర్‌మన్ అనే తోటి పరిశోధకుడితో కలిసి కప్ప ఛాతీ దగ్గరి సన్నటి కండ తీసుకున్నాడు. అందులో సాగుడును పసిగట్టే నరాల కొసలు కొన్ని ఉంటాయి. కండను పేలిక పేలికగా కోసేస్తూ పోయి, ఒక్క కొస మిగిలిందాకా ఆగలేదు. అప్పుడు దానికి బరువు వేలాడదీశారు. బరువు పెంచితే ఫొటోలో గీతల ఎత్తు పెరగలేదు, గీతలు దగ్గర దగ్గరగా వచ్చాయి. చూశావా, ఆ పేలికలు కోసే చేతులు కనబడితే చదివేవాడు నిన్ను నమ్ముతాడు. ఏడ్రియన్‌కు 1932లో నోబెల్ వచ్చిందని మాత్రం నువ్వు భద్రంగా రాశావు. అది ఎవరికి కావాలి?

ఈ కప్ప సంగతే నేను కుర్రతనంలో నెల్లూరు టౌన్‌హాల్లో వర్ధమాన సమాజం లైబ్రరీలో కూర్చుని రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. చూస్తే కప్ప లేదు, బరువుల్లేవు, పాదరసం లేదు. ఎడిటరుగారు "పాఠకుడికి ఇంత లోతు అక్కర్లేదు" అని మొత్తం లేపేసి, చివర్లో నరాల బలానికి రోజూ నానబెట్టిన బాదంపప్పు తినమని కలిపారు. నా పేరు మీద! వీధిలో జనం నన్ను ఆపి బాదం ఎన్ని తినాలని అడిగేవాళ్ళు. డబ్బు పంపుతామన్నారు, ఇప్పటికీ రాలేదు. ఈ కాలం వాళ్ళు ఇంకో ఆకు ఎక్కువ చదివారు, ముప్పై సెకన్ల వీడియోలో మెదడంతా చెప్పేస్తున్నారు.

ఆ మధ్య నా కుడి చెయ్యి తిమ్మిరెక్కుతుంటే నెల్లూర్లోనే ఆసుపత్రిలో పరీక్ష చేశారు. బొటనవేలి మొదట్లో కండలోకి సన్నసూది దించి, "కొంచెం బిగించండి" అన్నాడు డాక్టరు. స్పీకర్లోంచి టప్... టప్... అని మొదలైంది. ఇంకాస్త బిగిస్తే అదే టప్పు, కాకపోతే తొందర తొందరగా. ఇంకా బిగిస్తే వేరే గొంతు టప్పులు వచ్చి కలిశాయి. పూర్తిగా బిగించేసరికి రేకుల కప్పు మీద వానే. మెదడు నుంచి కండకు వచ్చే నరాలదీ ఇదే లెక్క. సూది, స్పీకరు పెట్టి వినే ఈ పద్ధతి కూడా ఏడ్రియన్, బ్రాంక్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి 1929లో మొదలుపెట్టిందే. నొప్పి మాట మర్చిపోయి, ఇంకోసారి బిగించనా అని అడిగాను. డాక్టరు నవ్వి సూది తీసేశాడు.

ఇక అసలు సంగతి. నీ చివరి పేజీలో ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో గంపలు మోసే మీ అమ్మ మాట ఒకటుంది. "ఎత్తుకున్నప్పుడే బరువు, పదడుగులేస్తే తెలవదు." అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. అంత మాట చేతికొస్తే, దాన్ని ఒక మూల పడేసి "అమ్మల త్యాగం" అంటూ ముగించావు! కప్ప కండకు బరువు తగిలించగానే సంకేతాలు ముమ్మరంగా వచ్చి, బరువు అట్లాగే ఉన్నా కాసేపటికి పలచబడతాయి. చుట్టకుదురు కింద మాడు మీద జరిగేదీ అదే. నొప్పి నరాలు మాత్రం అంత తేలిగ్గా సద్దుకోవు. రాత్రిపూట మెడ పట్టేసిందని అమ్మ అనే ఉంటుంది, అడుగు.

ఇంకొకటి కూడా అడుగు. కాస్త ఉప్పున్న బుట్ట చేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమని, గుప్పెడు గుప్పెడుగా పోస్తూ ఎన్నోదానికి బరువు పెరిగినట్టు తెలిసిందో రాసుకో. తర్వాత నిండు గంపతో చూడు. ఎక్కువ గుప్పెళ్ళు పడతాయి. లైప్‌జిగ్‌లో వేబర్ అనే ఆయన 1834లోనే బరువులెత్తించి ఇది రాసిపెట్టాడు. తేడా తెలియాలంటే ఇంత బరువని కాదు, ఉన్నదాంట్లో ఇన్నో వంతని లెక్క. ఆ అంకెలతో వ్యాసం మొదలుపెట్టు. ఏడ్రియన్ తర్వాత వస్తాడు.

పుస్తకం వేయడానికి ఎంతవుతుంది, ముందుమాట రాస్తారా అని అడిగావు. ఆ గొడవ ఇప్పుడొద్దు. సంక్రాంతిలోపు తిరగరాసి పంపు, కాగితానికి ఒకవైపే రాయి. బొమ్మ నువ్వే గియ్యి. నెట్‌లోంచి దించిన మెరుపుల మెదడు మళ్ళీ అంటించి పంపావంటే విప్పకుండా వెనక్కి కొడతాను.

ఇట్లు,
మీ మాస్టారు,
నెల్లూరు