నిమ్మ లేతాకుల మీద వెండి గీతలు: ఆ బుల్లి రెక్కల పురుగు ఏది?

తిరుపతిలో మీ పెరటి నిమ్మచెట్టు లేతాకుల మీద వంకరటింకర గీతలు, పక్కనే ఆవగింజకన్నా కాస్త పొడవైన తెల్ల పురుగు కనిపించాయని అడిగారు. అది దాదాపుగా నిమ్మజాతి పాముపొడ పురుగే. దీని పిల్లపురుగు ఆకు పొరల మధ్య తొలిచిన దారులే ఆ గీతలు. శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త స్టెయిన్‌టన్ దీనికి ఆ పేరు పెట్టాడు.

భూతద్దంతో ముందు రెక్క చూడండి. వెండిలా మెరిసే తెలుపు మీద సన్నని ముదురు చారలు, కొసన ఒక నల్లచుక్క. ఆ చుక్కే ముఖ్యమైన గుర్తు. రెక్కలు చాపినా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. వెనక రెక్కలకు ఈకలాంటి కుచ్చు ఉంటుంది.

నిజానికి పురుగుకన్నా ఆకే ఎక్కువ చెబుతుంది. గీత మధ్యలో దారంలా నల్లటి రెట్ట చార ఉందా? గీత చివర ఆకు అంచు మడతపడి ఉందా? ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) ఆ మడతలోనే ఉంటుంది. అలాంటి ఆకును గాజుసీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. వారం పది రోజుల్లో రెక్కల పురుగు బయటికొస్తే చక్కగా పోల్చుకోవచ్చు.

చిత్తూరు వైపు మామిడి ఆకుల మీద బొబ్బల్లా బూడిదరంగు మచ్చలు కనిపిస్తే అది వేరే జాతి.

ముదిరిన చెట్టుకు టెన్షన్ అక్కర్లేదు. చిన్న మొక్కలకైతే కొత్త చిగురు రాగానే వేపనూనె కొట్టండి. పురుగు తొలిచిన గాయాల్లోంచి గజ్జి తెగులు దూరుతుంది.